ఎదురింటి గడప

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం చిన్నది. నాకు రాయడం వచ్చేది కాదు. మా ఊళ్లో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెట్టేనాటికి నా మనవరాలు ఐదో తరగతి చదువుతోంది. ఆ పిల్ల పాత పలక పట్టుకునే బడికి వెళ్లాను. ఎవరిచేతనైనా రాయించవచ్చు గదా అంటారేమో, ఒకసారి రాయించి చూశాను. రాసినాయన నేను చెప్పని గజ్జెల చప్పుడు, తెల్లచీర అందులో పెట్టాడు. చదివి వినిపించగానే చించేయమన్నాను. అలాంటివేవీ జరగలేదు.

దెయ్యాలున్నాయంటే నేను నమ్మే మనిషిని కాదు. శ్మశానం పక్క చేనుకి ఒంటరిగా కాపలా ఉన్నదాన్ని. పూనకం వచ్చినవాళ్ల మొహాన నీళ్లు కొట్టమని చెప్పినదాన్ని. ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

మాది శ్రీకూర్మం దగ్గర పల్లె. వరి, చోళ్లు, ఉలవలు పండించుకునేవాళ్లం. మా అత్తవారి ఇంటిపేరు గెడ్డవలస. గెడ్డ అంటే మావైపు వాగు. గెడ్డ పక్కకి వలస వచ్చి కట్టుకున్న ప్రతి ఊరూ గెడ్డవలసే కాబట్టి ఆ పేరున్న ఊళ్లు మావైపు చాలా ఉన్నాయి. ఏ ఊళ్లో అడిగినా మీ ఇంటిపేరువాళ్లు ఇక్కడివాళ్లు కారనేవారు. మా వాళ్లు ఎక్కణ్ణుంచి కదిలి వచ్చారో ఎవరికీ తెలియదు.

తెలియకపోయినా రెండు ఆచారాలు మిగిలాయి. మొదటిది, మా ఇంటి ద్వారబంధానికి గడప లేదు. రెండు పక్కలా నిలువు కర్రలు, పైన అడ్డకర్ర ఉంటాయి, కింద కర్ర ఉండదు. అక్కడ మట్టితో గట్టు పోసి, దానికే పసుపు రాసి, బొట్లు పెడతాం. పాత ఊరు వదిలేటప్పుడు ఇంటి ముసలమ్మ గడప దాటి రానందట. ద్వారబంధం ఊడదీసి బండికెక్కించి, గడప మాత్రం ఆమెకి వదిలేసి వచ్చారట. అప్పటినించీ ఎన్ని ఇళ్లు కట్టినా కర్ర గడప పెట్టలేదు.

రెండోది దారి చెప్పడం. మా ఇంట్లోకి కోడలు వచ్చినా, మా ఇంట్లోంచి ఆడపిల్ల వెళ్లినా ఇంటికి పెద్దావిడ ఆ పిల్లని మట్టి గడప దగ్గర కూర్చోబెట్టి, మా వాళ్లు నడిచి వచ్చిన దారిని వెనక్కి చెబుతుంది. నా పెళ్లికి మా అత్త నాకు అలాగే చెప్పింది. మన గుమ్మం నించి కూర్మనాథుడి గుడి, గుడి నించి నాగావళి రేవు, రేవు నించి ఎర్రదిబ్బ, దిబ్బ నించి జోడు తాళ్లు, తాళ్ల నించి గెడ్డ. అక్కడ ఆగిపోయి నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది.

గెడ్డ దాటాక ఏముందో ఆమెకీ తెలియదు. ఆమె పెళ్లినాటికి పసిపిల్ల. గెడ్డ దాకా విని నిద్రపోయిందట. ఇంట్లో మళ్లీ పెళ్లి జరిగేలోగా ఆమెకి దారి చెప్పిన వాళ్ల అత్తకి నోరు పడిపోయి, ఆవిడ అలాగే కన్నుమూసింది. నేను ఆమెని చూడనే లేదు. మా అత్త నిద్రపోయినందుకు ఆ చివరి ముక్క ఎవరికీ లేకుండా పోయింది.

నేను చెప్పేది అరవైల చివరి మాట. మా ఆడపడుచు పైడమ్మకి కొత్తవలస వైపు సంబంధం కుదిరింది. అబ్బాయి కొత్తగా వేసిన రైలు దారి మీద పనిచేసేవాడు. వాళ్ల ఇంటిపేరు కొత్తింటి. ఒక పెళ్లిలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, నచ్చుకున్నారు. అంతకుముందు ఏ సంబంధం వచ్చినా తల వంచుకుని కూర్చునే పిల్ల, ఈసారి వంటింట్లో పాటలు పాడుతూ తిరిగింది.

మా అత్త వాళ్ల ఇల్లు చూసి రావడానికి వెళ్లింది. తిరిగొచ్చి అరుగు మీద కూలబడింది. నాతో, "ఆళ్లింటికీ కర్ర గడప లేదే అమ్మీ. మట్టి గట్టే," అంది.

మావైపు ఈ మాటకున్న బరువు తెలియనివాళ్లకు చెబుతాను. ఇంటిపేరు మధ్యలో మారవచ్చు. ఇంటి ఆచారం మారదు. ఆచారం ఒకటైతే వాళ్లు అన్నదమ్ముల పిల్లలే. పైడమ్మకి ఆ అబ్బాయి అన్న వరస అవుతాడు. కొత్తింటి అనే పేరు తర్వాత వచ్చిందని చూస్తేనే తెలుస్తోంది, అంతకు ముందు మాత్రం గెడ్డవలస వాళ్లే అయ్యుంటారని కులపెద్దలు అన్నారు. వాళ్లని అడిగితే, తమ ఇంట్లో గడప పెట్టరనీ ఎందుకో తెలియదనీ చెప్పారు. పెళ్లి మాట ఆగిపోయింది. పైడమ్మ పాటలు ఆగిపోయాయి.

ఆ దారి చివర ఏముందో తెలిస్తే తప్ప ఇది తేలదని మా అత్తే అంది. పుష్యమాసంలో కోతలయ్యాక, దారి చెప్పినట్టే నడిచి వెళ్లి చూసొద్దామని ఇద్దరం బయల్దేరాం. మా ఆయన నవ్వి, "ఏటి, అత్తా కోడళ్లు ఊరెతకడానికి ఎల్తన్నారా? దొరికితే నాకూ ఒక సెంటు భూమి అట్టిపెట్టండి," అన్నాడు. పైడమ్మ మాత్రం సందు చివరిదాకా వచ్చి నా చెయ్యి వదల్లేదు. "వదినా, ఆ ఊరు దొరక్కపోతే ఏటవుతాది? దొరికితే ఏటవుతాది?" అని అడిగింది. మెల్లగా చెయ్యి విడిపించుకుని అత్త వెనక నడిచాను.

శ్రీకూర్మం గుడికి దణ్ణం పెట్టి శ్రీకాకుళం బస్సెక్కాం. అక్కడ నాగావళి రేవు దాటి ఇంకో బస్సెక్కాం. ఎర్రదిబ్బ అని అడిగితే కండక్టరు ఒకచోట దింపాడు. నిజంగానే ఎర్రమట్టి దిబ్బ. దాని వెనక జోడు తాళ్లు ఉండాల్సిన చోట తాడిచెట్టు ఒకటే ఉంది. దగ్గరికి వెళితే పక్కన రెండో చెట్టు మొదలు కనిపించింది. మా అత్త ఆ మొదలు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. ఎన్నో పెళ్లిళ్లలో నోటితో చెప్పిన చోటు అలా చేతికి తగలడం నాకూ ఏదోలా అనిపించింది.

గెడ్డలో నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. దాటి అవతలికి చేరేసరికి మా అత్త అలిసిపోయింది. ఆమెని ఒడ్డున కూర్చోబెట్టి, ముందేముందో చూసొస్తానని నేనొక్కదాన్నీ నడిచాను. మిట్టమధ్యాహ్నం. ఎండ ఉంది గాని వేడి లేదు. పొద్దుటి మంచు ఇంకా ఎక్కడో పట్టుకుని ఉన్నట్టు చేలన్నీ తెల్లగా, పలచగా, గంజి నీళ్లలోంచి చూసినట్టు కనిపించాయి. దూరంగా ఎవరో వడ్లు దంచుతున్న చప్పుడు. కనుచూపు మేరలో ఇల్లు లేదు.

భయం వేయలేదు. నిద్ర వచ్చే ముందు ఒళ్లు తేలికైనట్టు అనిపించింది, అంతే. నడుస్తూ నడుస్తూ దారి చెప్పుకోవడం మొదలుపెట్టాను. గుమ్మం నించి గుడి, గుడి నించి రేవు, రేవు నించి దిబ్బ, దిబ్బ నించి తాళ్లు, తాళ్ల నించి గెడ్డ.

నోరు అక్కడ ఆగలేదు.

గెడ్డ నించి వెలగచెట్టు. వెలగచెట్టు నించి మన వీధి. వీధిలో తూర్పు మొహం గడప మనది. ముసలమ్మ రానంది, గడప వదిలేం. పడమటి మొహం గడప ఎదురింటోళ్లది. ఆళ్లు మన నెత్తురు కాదు. ముసిల్ది ఒక్కర్తీ అయిపోతాదని తోడుకి ఆళ్లూ వదిలేరు.

ఆ మాటలు నేను తలుచుకోలేదు. దంచే చప్పుడు ఎలా పడుతుంటే అలా నోట్లోంచి వచ్చాయి. ఆగి చూస్తే ఉలవ చేను మధ్య దున్నకుండా వదిలేసిన చోట నిలబడి ఉన్నాను. గడ్డిలో రెండు కర్రలు, ఒకదానికొకటి ఎదురుగా, మధ్యలో బండి పట్టేంత ఎడంతో భూమిలోకి దిగిపోయి ఉన్నాయి. పైభాగం మాత్రమే కనిపిస్తోంది. రెండు గడపలు.

రెండింటికీ పసుపు రాసి ఉంది. వంగి వేలు పెట్టాను. తడిగా ఉంది.

వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను. మా అత్త. పరుగులాంటి నడకతో వచ్చింది. ఆమె పసుపుని చూసింది, నన్ను చూసింది. గొంతు తగ్గించి, "ఎవలు సెప్పేరే నీకు?" అంది. తెలియదన్నాను. "మా అత్త గొంతే," అంది. "ఒడ్డున కూకున్నాను. మా అత్త పిలిసినట్టు దారి సెప్తా ఎల్తన్నాది. ఆ గొంతు పట్టుకుని వొచ్చేను."

దంచే చప్పుడు అప్పటికే లేదు. ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

చేను గట్టున ఒక పెద్దాయన ఉలవలు పీకుతున్నాడు. ఆ చేను ఆయనదే. ఇక్కడ ఊరుండేదా అని అడిగితే, తన తాతనాటి నించీ ఉలవ చేనేనని, అక్కడ నాగలికి కర్ర తగుల్తుంది కాబట్టి అంత మేర వదిలేస్తామని చెప్పాడు. పసుపెవరు రాశారని అడిగితే పసుపేమిటమ్మా అన్నాడు. పొద్దుటినించీ తానక్కడే ఉన్నాడట, మేం తప్ప ఇంకెవరూ రాలేదట. ఇక్కడ వెలగచెట్టు ఉండేదా అని మా అత్త అడిగింది. ఉండేదని, తన చిన్నప్పుడు వాళ్ల నాన్న కొట్టేశాడని, నీకెలా తెలుసని ఆయన అడిగాడు. మా అత్త నావైపు చూసింది.

తిరుగు బస్సెక్కాం. నేను నా వేలు చూసుకుంటూ కూర్చున్నాను. మేము వెంట పసుపు తీసుకెళ్లలేదు. గెడ్డలో చేతులు కడుక్కున్నాను. అయినా ఊరు చేరేదాకా వేలి గోరు పచ్చగానే ఉంది.

ఆ తర్వాత ఎన్నో విధాల ఆలోచించాను. చుట్టుపక్కల పల్లెవాళ్లెవరో అక్కడ మొక్కుకుంటూ ఉండవచ్చు. పెద్దాయన చూసి ఉండకపోవచ్చు. మా అత్త చిన్నప్పుడు నిద్రలో విన్న మాటలు ఆమెకి తెలియకుండానే ఎప్పుడో గొణిగి ఉండవచ్చు, నా చెవిన పడి ఉండవచ్చు. మా ఆయన అన్నట్టు పైడమ్మ పెళ్లి జరగాలన్న నా ఆశే నా నోట మాట్లాడి ఉండవచ్చు. అదీ కొట్టిపారేయను. నాకు ఆ పెళ్లి జరగాలనే ఉండేది. కానీ ఆశకి వెలగచెట్టు ఎలా తెలుస్తుంది?

ఇంకొకటి. వాళ్లు మా ఎదురింటివాళ్లే గాని మా నెత్తురు కాదని మా అత్త కులపెద్దలకి చెప్పి పెళ్లికి ఒప్పించింది. పెళ్లినాడు కొత్తింటివారి ముసలావిడని పక్కకి పిలిచి, మీ గడప సంగతి మీ పెద్దవాళ్లు ఏమైనా అనేవారా అని అడిగాను. గడప తోడుకి వదిలారన్న సంగతి మా అత్త గాని నేను గాని వాళ్లకి అప్పటికి చెప్పలేదు. ఆవిడ, "ఎవలికో తోడుగా ఒదిలేసేరని మా మామ్మ అనీది. ఎవలికో మాకు తెల్దు," అంది.  ఇది ఇప్పటికీ నాకు అంతుపట్టదు. చదువుకున్నాక అంతుపట్టుతుందేమో అనుకున్నాను. పట్టలేదు.

మేము తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్న ఏం చేశానో చెప్పి ఆపుతాను. అందరికంటే ముందు లేచి మట్టి గడపని పేడతో అలికి, పసుపు రాసి, బొట్లు పెట్టాను. పైడమ్మని లేపి, మొహం కడిగించి అక్కడ కూర్చోబెట్టాను. దారి చెప్పవలసింది ఇంటికి పెద్దదైన మా అత్త. ఆమె వచ్చి, పైడమ్మ పక్కనే తానూ పెళ్లికూతురిలా కాళ్లు ముడుచుకుని కూర్చుని, "నువ్వే సెప్పు. ఈపాలి నిద్దరోను," అంది.

చెప్పాను. గుడి, రేవు, దిబ్బ, తాళ్లు, గెడ్డ, వెలగచెట్టు, వీధి. తూర్పు మొహం గడప. పడమటి మొహం గడప.

పైడమ్మ అంతా విని, "ఆ ఎదురింటోళ్లు ఎవలు వదినా?" అంది.

"నువ్వెల్లబోయే ఇల్లే అమ్మీ," అన్నాను. ఇద్దరి నోట్లోనూ బెల్లం ముక్క పెట్టాను.