సిలిండర్‌కి పెట్టిన బొట్టు

డెట్రాయిట్ బస్‌స్టేషన్‌లోని కాఫీ మెషీన్ వేడినీళ్లు మాత్రమే పోసేది. కాఫీని మన ఊహకు వదిలేసేది. మూడు గంటలు ఆలస్యమైన బస్సు కోసం ఎదురుచూస్తూ ఆ నీళ్లే తాగుతుంటే, పక్కన కూర్చున్న తెలుగు విద్యార్థి ఒహాయో కోర్టుకి వెళ్తున్నానన్నాడు. అతను కొన్న పాత కారు డిక్కీలో, వేగం పెంచే నైట్రస్ సిలిండర్ ఉందట. అక్కడి పోలీసు ఆపేదాకా అది మంటలార్పేదనుకున్నాడట.

"సిలిండర్ ఉంటే తప్పు లేదు తమ్ముడూ, పైపు ఇంజిన్‌కి కలిపి రోడ్డెక్కితేనే తప్పు" అన్నాను, కార్ల కంపెనీలో సీటుబెల్టు గంట మోగించే నిపుణుడి హోదాలో.

"కలిపే ఉందన్నా. వీసా పోతుందేమో."

"అదేంటో తెలీదని చెప్పు."

అతను నీరసంగా ఫోన్‌లో పోలీసులు పంపిన ఫొటో చూపించాడు. సిలిండర్ నిండా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

"కారు పూజలో నేనే పెట్టానన్నా. దండం పెట్టినదేంటో తెలీదంటే ఎవడు నమ్ముతాడు?"