'రైతు పద్ధతి' అని బోర్డు పెట్టిన మడి

ఏడేళ్ళుగా ఈ మాట గొంతు దాటలేదు. ఇంట్లో చెప్పలేదు. ఆఫీసులో చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి. నా మీద నాకే ఒళ్ళు మండిపోతోంది, మీ జాలితో అది చల్లారిపోతుందేమోనని భయం.

అప్పుడు ఉద్యోగంలో కొత్త. చోడవరంలో మా ఇంటి నుంచి స్కూటీ మీద వెళ్ళి చుట్టుపక్కల రైతులకు సలహాలు చెప్పాలి. ఒక ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పన. అవి పారి పారి మడుల్లో చౌడు తేలింది. అక్కడ ప్రదర్శన క్షేత్రం పెట్టమన్నారు. అంటే పక్కపక్కనే రెండు వరి మడులు. ఒకదాంట్లో జిప్సం, జింకు, పొటాష్ మేం చెప్పినట్టు వేయించాలి. రెండోదాంట్లో రైతు తనకు అలవాటైనట్టు చేసుకుంటాడు. కోతకు ముందు పదిమందినీ పిలిచి తేడా చూపించాలి. మొదటి మడి ఊళ్ళో పెద్దరైతుది. రెండోది ఏసుదాసు అనే ఆయన కౌలుకు చేస్తున్నది. ఆయన మడిని ఎందుకు ఎంచుకున్నామో ముందే చెప్పి ఒప్పించాల్సింది నేనే. చెప్పలేదు. ఏమని చెప్పను? నీ పంట పాడైతేనే నా ఫొటో బాగా వస్తుందనా?

నాట్లు వేసిన నెలకే ఆయన వరి ఆకుల కొనలు మాడాయి. గట్టు మీద నన్ను ఆపాడు.

"తల్లీ, పక్క మడికి ఏటో ఏయిస్తన్నావు గదా. మా దానికీ ఎయ్యమంటావేటి? సెప్పు, తెచ్చుకుంటాను."

"అక్కర్లేదు బాబాయ్. ఎండకి అలాగే అవుతాది. నీళ్ళు పెట్టు, చాలు."

"మా గుంటలాటిదానివి, నా కూతురి ఈడుదానివి. నువ్వు సెప్తే ఇంకేటి."

నీళ్ళు! ఏ నీళ్ళు? ఆ ఉప్పు నీళ్ళే. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

తెలియక అన్నానా? కాదు. ఉప్పు నేలలో మొక్కకు ఏమవుతుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఉప్పు వేరు దగ్గర పొటాష్‌ను పక్కకు తోసి తాను లోపలికి దూరుతుంది. పొటాష్, జిప్సంలోని కాల్షియం సరిపడా అందితే వేరు ఆ ఉప్పును చాలావరకు గుమ్మంలోనే ఆపుతుంది. చౌడు పోదు, కానీ గింజ కట్టేంత బలం మొక్కకు మిగులుతుంది. ఇంకా పిలకలు వేసే రోజులే, ఆకుల మీద పొటాష్ పిచికారీ చేసినా కొంత నిలబడేది. ఆ ప్యాకెట్ ఆ రోజు నా స్కూటీ డిక్కీలోనే ఉంది. పోనీ, పైవాళ్ళకు భయపడ్డానా? నిజం చెప్పినంత మాత్రాన నా ఉద్యోగం ఊడేది కాదు. మెప్పు కావాలి నాకు. అంతే.

కోతల ముందు గట్టు మీద బోర్డులు పాతించాను. పచ్చటి మడి ముందు 'శాస్త్రీయ పద్ధతి'. ఏసుదాసు మడి ముందు 'రైతు పద్ధతి'. వచ్చినవాళ్ళు ఆయన తాలు కంకులు నలిపి చూసి నవ్వారు. ఆయన ఆ రోజు చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. రోజూ బైబిల్ చదివే మనిషి, బోర్డు చదవలేడా? చదివాడు. తల దించుకున్నాడు. తప్పు తనదే అనుకున్నాడు! అడగడం కదా ఆయన పద్ధతి? అడిగిన మనిషి నోరు మూయించి, ఆ పాపానికి 'రైతు పద్ధతి' అని పేరు పెట్టి, దాని పక్కన నిలబడి ఫొటో దిగాను.

పొలం ఆసామి కూడా వచ్చి చూశాడు. చేతకానివాడికి ఇస్తే ఇంతే అన్నాడు. మరుసటి ఏడు కౌలు ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆ కొత్తాయనకు నేనే దగ్గరుండి జిప్సం, పొటాష్ వేయించాను. పండింది.

పోయిన నెల చోడవరం బస్టాండులో ఏసుదాసు కనబడ్డాడు. ఇప్పుడు కూలికి చెరకు నరుకుతున్నాడట. పక్కనున్న భార్యకు నన్ను చూపించాడు. "ఈ తల్లే గదే నాను సెప్పింది. మందులూ మాకూ అక్కర్లేదని మనకి ఖర్చు తప్పించింది. అయినా నానే పండించుకోలేకపోయేను."

ఆమె నాకు దణ్ణం పెట్టింది. నేనూ పెట్టాను, సిగ్గు లేకుండా. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోరు పడిపోయిందా? అనకాపల్లి బస్సు వస్తే ఎక్కేశాను. నేను ఎక్కాల్సిన బస్సు అది కాదు.

ఈ రాత ఆయన చేతికి చేరదు. ఆ సంగతి తెలిసే ఇక్కడ రాస్తున్నాను, కాబట్టి ఇదీ పిరికితనమే. మీరు క్షమిస్తే ఆయనకేం ఒరుగుతుంది? ఆ పంట పోగొట్టింది ఏసుదాసు కాదు, నేను. ఈ ఒక్క ముక్క రాయడానికి ఏడేళ్ళు పట్టింది. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, అదీ కోపంగానే ఉంది.