సగం తవ్విన గొయ్యి

క్లియోఫస్ రడ్‌ను జైలుకు కాక ఇంటికి పంపారని తెలిసి, మా జార్జియా పల్లెలో చాలామంది అదృష్టవంతుడన్నారు. తాగిన మైకంలో ఒకడి దవడ విరగ్గొట్టాడు. జడ్జి జైలుశిక్షను పక్కన పెట్టి గట్టి నిఘాలో ఉంచాడు. చీకటి పడేసరికి ఇంట్లో ఉండాలి. నిఘా ఆఫీసరు టార్వర్ చెప్పాపెట్టకుండా వచ్చి తలుపు తడతాడు. తాగాడేమో పరీక్షించడానికి అడిగితే సీసాలో మూత్రం పోసివ్వాలి. ఒక్కసారి తప్పినా జైలే.

అతని అక్క ఐడెల్లా మా పక్కింటావిడ; అతనుండేది ఆమెతోనే. "జైలుకైతే గోడలుంటాయి. ఇక్కడ నేనే గోడనయ్యాను," అనేది.

మా చర్చివాళ్లలో ఎవరు పోయినా గొయ్యి తవ్వేది, ఒకప్పుడు తన తండ్రి తవ్వినట్టే, క్లియోఫసే. మొదలుపెట్టాక మధ్యలో వదలకూడదు. సగం గొయ్యి రాత్రంతా నోరు తెరుచుకుని ఉంటే ఇంకొకరిని పిలుస్తుందని మావాళ్ల భయం.

ఆ ఫిబ్రవరిలో సూడీ ముసలమ్మ పోయింది. తల్లిలేని ఆ అక్కాతమ్ముళ్లను పెంచింది ఆవిడే. మధ్యాహ్నం క్లియోఫస్ తవ్వడం మొదలుపెడితే ఓక్ చెట్టు వేళ్లు అడ్డుపడ్డాయి. పొద్దు వాలుతుంటే ఐడెల్లా, నేనూ శ్మశానానికి పరిగెత్తాం.

"ఒరేయ్, పైకి రా! ఆఫీసరుకు చెప్పావా?"

"గొయ్యి తవ్వడానికి ఎవరైనా పర్మిషన్ అడుగుతారటే అక్కా?"

"నువ్వడగాలి, వెధవా! పార ఇటివ్వు, నేను తవ్వుతా."

"ఆ నడుంతో నువ్వు దిగితే రేపు ఇద్దర్నీ కలిపి పూడ్చాలి."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

చీకటి పడ్డాక, ఇంట్లో ఎవరూ పలక్కపోయేసరికి వీధిలో వాకబు చేసుకుంటూ టార్వర్ కారులో వచ్చాడు.

"పైకి రా, క్లియోఫస్."

"రాలేను సార్. ఇంకో మూరెడుంది."

"నేను రిపోర్టు రాయక తప్పదు. తెలుసుగా?"

"రాయండి సార్. ఈవిడ చేతి తిండి తిని పెరిగాను."

టార్వర్ వెళ్లి కారెక్కాడు. కారు తిప్పి లైట్లు గోతి మీద పడేలా పెట్టి లోపల కూర్చున్నాడు. పనయ్యాక క్లియోఫస్ పైకొచ్చి, మట్టిచేతులు ప్యాంటుకు తుడుచుకుని, బేడీలకోసం తనే ముందుకు చాచాడు.

మర్నాడు సూడీని దించేటప్పుడు అతను కౌంటీ జైల్లో ఉన్నాడు. తమ్ముడి వంతు మట్టి కూడా ఐడెల్లాయే వేసింది.

విచారణలో టార్వర్ చూసింది చూసినట్టు చెప్పాడు, కారు లైట్ల సంగతి తప్ప. జడ్జి మళ్లీ ఇంటికే పంపాడు. నిఘా గడువు మాత్రం మొదటినుంచి లెక్కపెట్టమన్నాడు.

ఆ తర్వాత ఎవరు పోయినా, కబురు తెచ్చిన వాళ్ల బిడ్డలు గుమ్మంలో నిలబడి ఉండగా అతను ముందు పర్మిషన్ కోసం టార్వర్ ఆఫీసుకు ఫోను చేసేవాడు. వాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించి, "అవునండీ, పోయారు... అవునండీ, నిజంగానే," అనేవాడు.