విమల ఆంటీ ఖాళీగా వదిలిన గడి

ఆరేళ్లుగా ఒక విషయం కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీకే చెబుతున్నాను, మీరు నన్నెరగరు కాబట్టి. పెద్ద విషాదగాథ అనుకోకండి. జరిగిందంతా ఒక ఎక్సెల్ షీటులో.

అమెరికాలో, ఆర్కాన్సా రాష్ట్రంలో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో కాంట్రాక్టు మీద కొత్తగా చేరాను. ఎక్కడో బడిలో కాల్పులు జరిగాక, టీచర్లకు తుపాకులు ఇవ్వవచ్చా అని మా పదకొండుమంది ప్రిన్సిపాళ్లను ఆన్‌లైన్ ఫారంలో అడిగారు. అవును, కాదు: రెండే గడులు. లెక్కపెట్టే పని నాది. అయిదుగురు అవునన్నారు, అయిదుగురు కాదన్నారు. మిగిలింది విమల ఆంటీ. ఊళ్లో ఏకైక తెలుగు ప్రిన్సిపాల్. నేను దిగిన మొదటి నెలంతా తిన్నది వాళ్లింట్లోనే. ఆవిడ రెండు గడులూ వదిలేసి కింద రాసింది: "మా టీచర్లు వారానికోసారి తాళాలు పోగొట్టుకుంటారు. తుపాకి పోగొట్టుకుంటే దొరికేది ఆరేళ్ల పిల్లలకే. నేనుండగా వద్దు."

ఇంతకంటే స్పష్టంగా ఎవరైనా ఏం రాస్తారు?

మా ఆఫీసులో ఒక అలవాటుంది. మెయిల్‌కి జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే. డిస్ట్రిక్ట్ బడులన్నిటికీ పెద్ద సూపరింటెండెంట్. ఆయనకి కావలసింది 'అవును' అని అందరికీ తెలుసు. డోనట్ నములుతూ తుపాకి లాకర్‌కి ఏ రంగు బాగుంటుందో కూడా మాట్లాడేశాడు. నా కాంట్రాక్టు పొడిగింపు ఆయన సంతకం కోసమే ఆగి ఉంది. గడి ఖాళీ, కాబట్టి అభ్యంతరం లేదని ఆవిడని 'అవును'లో కలిపేశాను. ఆరు, అయిదు. అలా చెయ్యమని నన్నెవరూ అడగలేదు. అదీ రోత. బెదిరించి ఉంటే కనీసం చెప్పుకోవడానికైనా బాగుండేది.

ఫలితం చూసి ఆంటీ ఫోన్ చేసింది.

"ఏరా, నేను రాసింది చదివావా?"

"లేదాంటీ, కామెంట్స్ ఓపెన్ అవలేదు. సిస్టమ్ ప్రాబ్లం."

"అయ్యో, టిక్ పెట్టాల్సింది. నాదే బుద్ధి తక్కువ. పోన్లే, నువ్వేం ఫీలవకు. అన్నం తిన్నావా?"

తిన్నానన్నాను. అదొక్కటే నిజం.

ఆ లెక్క చూసి స్కూల్ బోర్డు ఆమోదించింది. తన స్కూల్లో తుపాకి ఎవరెవరికివ్వాలో ఆవిడే పేర్లు రాసివ్వాలన్నారు. రాయలేక రాజీనామా చేసింది. వీడ్కోలు కార్డు చేసింది నేనే. అందులో ఒక జోకు కూడా వేశాను. అందరూ నవ్వారు, ఆవిడ కూడా.

తప్పు తనదేనని ఆవిడ ఇప్పటికీ అనుకుంటోంది. నేనెందుకు చెప్పలేదు? భయమా? ఆ ఉద్యోగం ఎప్పుడో పోయింది, ఊరూ మారాను. చెబితే ఆవిడ తిట్టదు, క్షమించేస్తుంది, నేను ఆ క్షమను కూడా ఆ నెల భోజనంలాగే సిగ్గు లేకుండా తినేస్తాను.

చదివాను. చదివే మార్చాను.

ఇదిగో, రాసేశాను. కాస్త తేలిగ్గా ఉంది. ఆ తేలికదనం కూడా రోతగానే ఉంది.