ఏడు దెబ్బల కోలాటం... నేను గీయని గీత

మా చిన్నప్పుడు కోలాటం అంటే పూలు, పాటలు అనుకునేరు... రఘునాథపల్లిలో మాకది సగం యుద్ధం. మూరెడు వేపకోలలు. సరిగ్గ పడితే టక్కుమని మోత. తప్పి పడితే వేలు.

నేర్పేటాయన మల్లయ్య సారు. అడుగు తప్పితే నోటితో చెప్పే అలవాటు ఆయనకు లేదు... పిక్కల మీద కోలతో చెప్పేటోడు. మాలో పిక్కలు నున్నగ ఉన్న పిల్ల ఒక్కతి లేదు.

మామూలు కోలాటం నాలుగు దెబ్బలదో, ఎనిమిది దెబ్బలదో ఉంటది. ఆ యేడు జనగామలో పోటీ ఉందని సారు ఏడు దెబ్బల వరుస కట్టిండు. మొదలు మూడు, ఆ వెనుక నాలుగు. ఒకటో దెబ్బకు మన కోలలు మనమే కొట్టుకోవాలె. నాలుగో దెబ్బకు ఎదుటి పిల్ల కోల మీద వేయాలె. కుంటెద్దు నడక లెక్క ఉంటది గాని, కుదిరితే ఒళ్లు ఝల్లుమంటది.

లోపలి వలయం మా వాడ పిల్లలం. బయటి వలయం పై వాడ పిల్లలు. నల్లా కాడ బిందెల పంచాయితీ రెండు వాడలకూ ముందు నుంచే ఉంది.

వరుస ముందుగ మాకు నేర్పి, సారు పత్తి బండి తోలుకొని జనగామ మార్కెట్‌కు పోతూ, "ఏడో తరగతి చదువుతున్నవ్ గద, వరుస కాయిదం మీద రాసి పై వాడోళ్లకియ్యి" అని నాకు అప్పజెప్పిండు. నా చేతిరాత ముత్యాలని బడంతా పేరు. 1 2 3 4 5 6 7... అన్నీ ఒకే ఎత్తు, ఒకే ఎడం. ఎంత ముద్దుగ ఉందంటే, నాకు నేనే దిష్టి తీసుకోవాలనిపించింది.

ఆ ముద్దే కొంప ముంచింది. మూడు ఎక్కడ అయిపోయిందో, నాలుగు ఎక్కడ మొదలైందో ఆ కాయిదంలో లేదు. నాకు తెలుసు గనుక అందరికీ తెలుసనుకున్న. రెండు ముక్కల వరుసని మాత్రమే విన్న పై వాడ పిల్లలు ముందు నాలుగు, వెనుక మూడు అనుకొని, ఐదో దెబ్బకు ఎదుటికి వేసుకుంట వారం రోజులు ఆడుకున్నరు. మా కంటె శ్రద్ధగ, పాపం.

ఆదివారం పొద్దున రెండు వలయాలు కలిసినయి. ఒకటి, రెండు, మూడు... బాగనే నడిచింది. నాలుగో దెబ్బకు మేం ఎదుటికి వేసినం. అక్కడ కోల లేదు, పిడికిలి ఉంది. ఐదో దెబ్బకు వాళ్లు వేసిండ్రు. అక్కడ మా వేళ్లున్నయి.

మా చిన్నమ్మ బిడ్డ సత్తెమ్మ చూపుడువేలు విరిగి పక్కకు తిరిగింది. కొట్టింది పై వాడ కనకమ్మ. "కావాలనే కొట్టిందే!" అని ఎవరో అరిచిండ్రు... ఇంక తాళం ఎవరికి కావాలె? కోలలు వీపుల మీద, జడలు చేతుల్లో. మూతులు పగిలినయి. నేను గూడ ఊకోలేదు, ఎవరిదో చెవి కొరికిన. ఎవరిదో ఇప్పటికీ తెల్వది.

సత్తెమ్మను దవాఖానకు తీస్కపోయిండ్రు. కనకమ్మను వాళ్లమ్మ అక్కడనే చింతబరిగెతో వీపు చీరేసింది. సంగతి విన్న సారు కనకమ్మను ఆటలకెల్లి తీసేసిండు.

అందరూ పోయినంక కింద పడ్డ కాయిదం చూసిన. నాదే. ఏడు ముత్యాలు, నడుమ ఏం లేదు. చెప్తే నా వీపు పగుల్తది. చెప్పకుంటే చెయ్యని తప్పుకు కనకమ్మ ఆట పాయె... రెండు రోజులు నోరు మూసుకున్న. సిగ్గుతోనే రాస్తున్న.

మూడో రోజు నల్లా కాడ కనకమ్మ బిందె ఎత్తలేక వంగి నడుస్తుంటె చూసిన. ఇంటికొచ్చి కొత్త కాయిదం తీసిన. 1 2 3, నడుమ నిలువు గీత, మళ్ల 1 2 3 4. అమ్మ బరిణెలోంచి కుంకుమ తీసి, మొదటి ఒకటికి చిన్న బొట్టు... అంటే మన కోలలు. గీత దాటినంక ఒకటికి పెద్ద బొట్టు... అంటే ఎదుటి కోల.

సారు చూసిండు. "మొదటి కాయిదంల ఈ గీత ఏదే?"

"లేదు సార్."

"ఏడంకెలు నా ఎడ్లు గూడ రాస్తయి. ఆడే పిల్ల యాడ కొట్టాలెనో రాయకుంటే ఏం రాసినట్టే?"

చెయ్యి చాపమన్నడు. ఏడు దెబ్బలు. మూడు కొట్టి, ఆగి, నాలుగు కొట్టిండు. గీత ఎక్కడుండాలెనో జన్మలో మరువలేదు.

సారు కనకమ్మను మళ్ల ఆటకు పిలువమన్నడు. ఆ వాచిన చేత్తోనే కాయిదం పట్టుకొని ఆమె ఇంటికి పోయిన. కనకమ్మ గల్మలో, గడప కాడనే నిలబడి చూసింది. "నువ్వు కాయిదం మీద గీత ఇయ్యాల గీసినవ్. మా అమ్మ నా వీపు మీద మొన్ననే గీసింది" అన్నది. కాయిదం ముందుకు చాపిన.

తీసుకొని బొట్లు చూసి, "వస్త. సత్తెమ్మ జాగల నా ఎదురుంగ నువ్వే నిలబడాలె" అన్నది. నిలబడ్డ. ఇంకేం చేస్త?

జనగామలో వరుస ఒక్కసారి గూడ తప్పలేదు. ఆఖరి సుట్టుకు, సరిగ్గ పెద్ద బొట్టు మీద, కనకమ్మ కోల వచ్చి నా బొటనవేలి మీద పడ్డది. తాళం మాత్రం వెంట్రుకంత తప్పలేదు. "ఇగ సరిపాయె" అని నవ్వింది. ఆ నాటి నుంచి మేం దోస్తులం.

ఇప్పుడు మహబూబాబాద్‌లో నా మనుమరాలి కోలాటం బృందానికి ప్లాస్టిక్ కోలలు, స్పీకర్ పాట. మొన్న వాళ్ల టీచర్ ఫోన్ల పంపిన వరుస చూసిన... 1 2 3 4 5 6 7. వరుసగ, ముద్దుగ. ఎర్ర పెన్ను అడిగితే, "వీడియో ఉంది గద నానమ్మా, రాసుడెందుకు?" అన్నది.

నిజమే... ఇప్పుడెవరి వేళ్లూ విరగవు. ఎవరు ఎవరి ఎదురుంగ నిలబడ్డరో గూడ యాదుండదు. నా బొటనవేలి గోరు మాత్రం ఇప్పటికీ వంకరే పెరుగుతది. గోళ్లు తీసుకునేటప్పుడల్లా, పోయినేడు పోయిన కనకమ్మ యాదికొస్తది.

మీ ఒంటి మీద గూడ గిట్ల ఏ దోస్తు గుర్తన్న మిగిలిందా? రాయండి... ఆ చెవి ఎవరిదో వాళ్లు గూడ రాయొచ్చు, ఇంక ఏమనను.