ఓడ అడుగున చెక్క చీలలు

రియాద్ పారిశ్రామిక ప్రాంతంలోని మా నమూనాల వర్క్‌షాపుకు 2022 జనవరిలో డచ్చి ఓడ పని వచ్చింది. నేనప్పుడు అక్కడ వుడ్ సెక్షన్ సూపర్‌వైజర్ని. నా కింద నలుగురు వడ్రంగులు. అంతకు ముందు పంతొమ్మిదేళ్లుగా మేము చేసినవన్నీ కట్టబోయే భవనాలకూ విల్లాలకూ నమూనాలే. ఓడ చేయడం అదే మొదలు. రాబిగ్ దగ్గర, ఎర్ర సముద్రం ఒడ్డున కడుతున్న ఒక ప్రదర్శనశాలలో ఒకప్పుడు ఆ దారిన తిరిగిన వర్తక నౌకల నమూనాలు పెడతారట. మన మచిలీపట్నంలో బట్టలు కొనుక్కుపోయిన డచ్చివారి ఓడ మా వంతుకు వచ్చింది. అసలు ఓడలో పదో వంతు, అంటే నాలుగు మీటర్ల పొడవు.

పని అప్పగించిన రోజే మా ముదీర్, అంటే మేనేజరు, ఉన్న సంగతి దాచకుండా చెప్పాడు. లేజర్ యంత్రం వచ్చాక చెక్క పని తగ్గింది. ఓడ పాసైతే మా సెక్షన్ ఉంటుంది, లేకపోతే ఖలాస్. అలా జరిగితే అందరికంటే ముందు దెబ్బ తగిలేది మస్తాన్‌కి. అతనిది ప్రొద్దుటూరు. చేతి పనిలో నాకంటే రెండాకులు ఎక్కువే చదివిన మనిషి. ఆ దేశంలో ఉండి పని చేసుకోవడానికి ఇచ్చే కార్డును ఇఖామా అంటారు. మస్తాన్ ఇఖామా గడువు మార్చి నెలాఖరుతో ముగుస్తుంది. సెక్షన్ మూతపడితే దాన్ని రెన్యూ చేయరు, ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తారు.

ఆ ఓడ కట్టే పద్ధతి మాకు తలకిందులుగా కనిపించింది. ఎవరైనా ముందు లోపలి పక్కటెముకలు నిలబెట్టి, వాటి మీద పలకలు కొడతారు. ఆ కాలపు ఆమ్‌స్టర్‌డామ్ వడ్రంగులు ముందు అడుగు పలకలే జత చేసేవారు. పలకలు విడిపోకుండా ప్రతి అతుకు మీదా చిన్న చెక్క బిళ్ళలు మేకులతో బిగించేవారు. లోపలి కర్రలు కుదిరాక బిళ్ళలు ఊడదీసి, మిగిలిన మేకు బెజ్జాల్లో సన్నని చెక్క చీలలు దిగ్గొట్టేవారు. సముద్రం అడుగున దొరికిన డచ్చి ఓడలను పండితులు గుర్తుపట్టేది ఆ చీలల వరసలను బట్టేననీ, నమూనాలోనూ అవి కనపడాలనీ ప్రదర్శనశాల కన్సల్టెంట్ మొదటి రోజు వీడియో కాల్‌లో చెప్పాడు. ఆయన డచ్చి దేశస్థుడే, ఓడల చరిత్ర చదివిన ఇంజినీరు. ఆయన చెబుతుంటే నేను తల ఊపుతూనే ఉన్నాను గాని, నా ధ్యాసంతా ఓక్ కర్ర ఎప్పుడొస్తుందా అన్న దాని మీద ఉంది.

ఫిబ్రవరి మొదటి వారంలో బిళ్ళలు ఊడదీశాం. అడుగంతా బెజ్జాలే. చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. మా వర్క్‌షాపులో వారం పని ముగిసే గురువారం సాయంత్రానికి ఏ పని మీదా మేకు గుర్తు మిగలకూడదన్నది నేను పెట్టిన నియమం. రంపపు పొట్టు జిగురులో కలిపి బెజ్జాలు పూడ్చి, నున్నగా రుద్దేయమన్నాను.

మస్తాన్ ఒక్కసారి అడ్డు చెప్పాడు. "అన్నా, ఆయన చీలలు కనపడల్లన్న్యాడు గదా?"

"నాకు జెప్తున్నవా? మేకు కనవడనియ్యకుండ ముప్పయేండ్లు పని జేసిన నేను."

"సరేన్నా," అని వంచిన తల ఎత్తకుండా పనిలో పడ్డాడు. శనివారం నాటికి అడుగు అద్దంలా తయారైంది. నిజం చెప్పాలంటే, నేను చేయించిన పనుల్లో అంత నున్నటిది మరొకటి లేదు.

ఆదివారం కన్సల్టెంట్ మెయిల్ పంపాడు. మరో ఎనిమిది రోజుల్లో రియాద్ వస్తాడట, పాలిష్ పెట్టకముందే చీలల వరసలు చూడాలట. డ్రాయింగ్ తీసి చూస్తే ఏడో షీటు కింద అదే నోటు ఉంది. కొత్తగా బెజ్జాలు వేయడం పెద్ద పని కాదు. కానీ పాతవి ఎక్కడున్నాయో ఇప్పుడు కంటికి ఆనవు. తోచినచోటల్లా చీలలు కొడితే అది ఆ ఓడ కాదు, అబద్ధం. ఆయన చూపుకి అది నిలవదు. నా మొండితనానికి మస్తాన్ ఊరికి పోవలసి వస్తుందన్న మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

నలుగురినీ పిలిచి, తప్పు నాదని ఒప్పుకున్నాను. మస్తాన్ వెళ్ళి థిన్నర్ డబ్బా, పాత గుడ్డ తెచ్చాడు. "జిగురు తాగిన తావు పాలిష్ తాగదు గదన్నా. తడిపి సూస్తే తెలుస్తాది," అన్నాడు.

పాలిష్ పనివాళ్ళు రోజూ తిట్టుకునే సంగతే అది. జిగురు పట్టిన చోట చెక్క రంగు తీసుకోదు, మచ్చ పడుతుంది. గుడ్డ తడిపి తుడిచేసరికి ఓక్ పలక ముదురు రంగుకి తిరిగింది, దాని మీద బెజ్జాలన్నీ తెల్లని చుక్కలై వరసగా తేలాయి. థిన్నర్ ఆరేలోగా పెన్సిల్‌తో ప్రతి చుక్కకూ గుర్తు పెట్టాం. మళ్ళీ తుడిచాం, మళ్ళీ పెట్టాం. తర్వాత చిన్న డ్రిల్లుతో పూడిక తోడి, సన్నగా చెక్కిన ఓక్ పుల్లలు దిగ్గొట్టాం. అందరూ బతా బజారుకు వెళ్ళే సెలవు రోజు శుక్రవారం కూడా వర్క్‌షాపులోనే గడిచింది.

కన్సల్టెంట్ వచ్చి భూతద్దంతో గంటన్నర చూశాడు. ఆయన అడగకముందే నేను జరిగింది చెప్పేశాను. వరసలు సరిగ్గానే ఉన్నాయనీ, కొన్ని చీలలు వంకరగా ఉండడం తనకు ఇంకా నచ్చిందనీ చెప్పి, పాసైనట్టు కాగితం మీద సంతకం చేశాడు.

మార్చిలో మస్తాన్ ఇఖామా రెన్యూ అయింది. ఆ రోజు టీ తాగుతూ, ఆనాడు గట్టిగా ఎందుకు వాదించలేదని అడిగాను.

"ఎవర్ని ఉంచల్లో రాసే లిస్టు మీద సంతకం నీదే గదన్నా," అన్నాడు మామూలుగా.

ఆ లిస్టు నేను ఏటా రాస్తూనే ఉన్నాను, దాన్ని పనివాళ్ళ వైపు నుంచి ఒక్కసారీ చూడలేదు. నా తప్పుకు ఎక్కువ నష్టపోయేవాడే దాన్ని నాకు గట్టిగా చెప్పలేని చోట ఉన్నాడు. ఆ తర్వాత రిటైరయ్యే దాకా, ఎవరైనా వెంటనే సరే అంటే అక్కడితో ఆగలేదు. పని ఆపి, రెండోసారి అడిగాను.