డ్యూటీ దిగి వచ్చే నాన్న

జెద్దాలో నేను ల్యాబ్ నుంచి బయటికి వస్తుంటే విశాఖ నుంచి బాబాయి ఫోన్ చేశాడు. "మీ పిన్ని ఎల్లిపోనాదమ్మా" అన్నాడు. ఆవిడను ఒక్కసారి చూసి రావాలని దేశం దాటి తిరిగి రావడానికి ఇచ్చే రీ-ఎంట్రీ వీసా కోసం అప్పటికే వారంగా తిరుగుతున్నాను. నా వీసాకి పూచీ ఉన్న యజమాని, కఫీల్, ఊళ్లో లేడు, వచ్చాక చూద్దామన్నారు ఆఫీసులో. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

పిన్ని నాకు చుట్టం కాదు. ఇదే సౌదీలో, రాస్ తనూరాలో మా ఎదురింటావిడ. గల్ఫ్ యుద్ధం వచ్చేనాటికి నాకు ఎనిమిదేళ్లు. నాన్నకి రిఫైనరీలో షిఫ్టు డ్యూటీ. సైరన్ మోగితే అమ్మా నేనూ వాళ్లింటికి పరిగెత్తేవాళ్లం. పిన్ని విషవాయువు రాకుండా కిటికీలకి టేపు అంటించి, తలుపు కింద తడి తువ్వాలు కుక్కి, వీసీఆర్‌లో ఒక క్యాసెట్ పెట్టేది.

అది జార్జియా సినిమా. అక్కడివాళ్లు తమ పాత నాటకం ఒకదాని నుంచి తీసుకున్నది, పాటలూ పెళ్లి గొడవా నవ్వులూ ఉన్నది. బాబాయి స్టీల్ ప్లాంటు ట్రైనింగ్‌కి సోవియట్ దేశం వెళ్లినప్పుడు కొన్నాడు. ఇక్కడి ఎయిర్‌పోర్టులో చెకింగ్ కోసం ఉంచేసుకుని, తర్వాత తిరిగిచ్చారట. ఒక్కో సీనుకీ పిన్ని తెలుగు చెప్పేది. పెళ్లి సంబంధాలు కుదిర్చే ఇద్దరు ఆడవాళ్లు తిట్టుకుంటుంటే, పిన్ని గొంతులో అది మన చేపల బజారు. అంత భయంలోనూ అమ్మ నవ్వేది.

నాకు కావలసింది మాత్రం అందులో పెళ్లికూతురి తండ్రి. పెద్ద బొజ్జ, పెద్ద మీసాలు. ఆయన గదిలోకి వచ్చిన ప్రతిసారీ పిన్ని నా వీపు మీద చెయ్యి వేసి అనేది: "అదుగో, సూడు. ఆళ్ల నాన్న డ్యూటీ దిగొచ్చీసేడు."

మా నాన్న కూడా ప్రతిసారీ వచ్చాడు. అందుకే ఆ మాటని నమ్మాను.

యుద్ధం అయిన కొన్నేళ్లకి వాళ్లు విశాఖ వెళ్లిపోయారు. పెద్దయ్యాక నేను ఉద్యోగానికి మళ్లీ ఈ దేశమే వచ్చాను. ఎప్పుడు ఫోన్ చేసినా పిన్ని మొదటి మాట, "డ్యూటీ దిగేవా అమ్మా? తిన్నావా?" ఒకసారి ఆ సినిమా సబ్‌టైటిల్స్‌తో దొరికింది. చూస్తే ఆ తండ్రి వ్యాపారి. ఏ డ్యూటీకీ వెళ్లడు. వెంటనే పిన్నికి ఫోన్ చేశాను.

"ఆ బాస నాకెక్కడొచ్చే?" అని పడీ పడీ నవ్వింది. "నువ్వు తెర సూసేదానివి కాదు, తలుపు సూసేదానివి. మరేటి సెప్పమంటావు?"

ఆఖరి రోజుల్లో మంచం మీద నుంచి ఆవిడా తలుపు వైపే చూసేదట. పిల్ల వస్తాదా అని అడిగేదట. "వస్తాదే, డ్యూటీ దిగి వచ్చీస్తాది అని సెప్పేనమ్మా. నమ్మీసింది" అన్నాడు బాబాయి. ఆ మాట నేర్పింది ఆవిడే. నేను వెళ్లలేదు.

మొన్న ఫోన్‌లో ఆ సినిమా పెట్టాను. సబ్‌టైటిల్స్ తీసేసి, సౌండ్ కూడా తీసేశాను. తలుపు తెరుచుకుని ఆ బొజ్జాయన లోపలికి వచ్చాడు. పెదాలు కదుపుతున్నాడు. వీపు మీద చెయ్యి పడుతుందేమోనని నేను కాస్త ముందుకి వంగి కూర్చున్నాను.